ఇంట్లో చేసుకునే హెచ్ఐవి టెస్ట్ కిట్: గీతల కంటే ముందు రిస్క్ జరిగిన తేదీ చూసుకోండి

చిగుళ్ల మీద తుడిచి చూసుకునే హెచ్ఐవి సెల్ఫ్ టెస్ట్ కిట్ వాడాను. కిట్ మంచిదే, అవసరమైన వాళ్లెవరికైనా వాడమనే చెప్తాను. కాకపోతే ఎప్పుడు వాడాలో తెలియకపోతే మాత్రం ఇది లేనిపోని ధీమా ఇస్తుంది.

వాడటం తేలిక. మెత్తటి ప్యాడ్ ఉన్న కొసతో పై చిగుళ్లు ఒకసారి, కింది చిగుళ్లు ఒకసారి తుడిచి, ద్రవం ఉన్న చిన్న గొట్టంలో నిలబెట్టాలి. ప్యాడ్‌ని వేలితో ముట్టుకోకూడదు, అంతకుముందు 15 నిమిషాలు ఏమీ తినకూడదు, తాగకూడదు. ఫలితం 20 నిమిషాల తర్వాత చూడాలి, 40 దాటాక చూస్తే లెక్కలోకి రాదు. కిట్ మీద సి, టి అని అక్షరాలుంటాయి. సి దగ్గర ఒక్క గీతే ఉంటే నెగటివ్. టి దగ్గర కూడా గీత వస్తే, అది ఎంత మసకగా ఉన్నా సరే, రియాక్టివ్ కిందే లెక్క, అంటే హెచ్ఐవి ఉండొచ్చని. అసలు సి గీతే రాకపోతే ఆ టెస్ట్ చెల్లదు, ఇంకో కిట్ తీయాల్సిందే.

ఎంగిలి వల్ల హెచ్ఐవి రాదంటారు కదా, మరి నోట్లో ఎలా దొరుకుతుంది అని చాలామందికి అనుమానం. ఈ కిట్ వెతికేది వైరస్‌ని కాదు, దాని మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలని. అవి తయారవడానికి టైం పడుతుంది, అసలు చిక్కంతా అక్కడే. కండోమ్ లేకుండా కలిసిన వారానికో రెండు వారాలకో టెన్షన్ పడి టెస్ట్ చేసుకుంటే, వైరస్ ఉన్నా నెగటివ్ రావచ్చు. 90 రోజులు గడిచాక, ఆ మధ్యలో మళ్లీ రిస్క్ ఏదీ లేకుండా ఉంటేనే ఆ నెగటివ్‌ని నమ్మాలి. అంత ముఖ్యమైన మాటని కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఎక్కడో కింద వేశారు, నాకు నిజంగా కోపం వచ్చింది, అట్ట డబ్బా మీదే పెద్దగా రాయాల్సిన మాట అది.

లక్షణాలు చూసి తేల్చుకుందామనుకుంటే అది అసలు కుదరదు. వైరస్ సోకిన 2 నుంచి 4 వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడ దగ్గర గడ్డలు, రాత్రిళ్లు చెమటలు వస్తాయి, అచ్చం ఫ్లూలాగే ఉండి వాటంతటవే తగ్గిపోతాయి. కొందరికి అవీ రావు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మనిషి నిక్షేపంగా ఉంటాడు, లోపల రోగనిరోధక శక్తి తరిగిపోతూనే ఉంటుంది, పక్కవాళ్లకి సోకుతూనే ఉంటుంది. కాబట్టి కండోమ్ లేని సెక్స్, ముఖ్యంగా మలద్వారం ద్వారా, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం, సిఫిలిస్ లాంటి సుఖవ్యాధి ఉండటం, వీటిలో ఏదున్నా ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆగకండి. ఒకే కంచంలో తింటేనో, కౌగిలించుకుంటేనో, దోమ కుడితేనో మాత్రం రాదు, ఆ భయంతో కిట్ కొనక్కర్లేదు.

రిస్క్ జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే కిట్ గురించి ఆలోచించొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. పెప్ అనే మందులు 28 రోజులు వాడితే వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపే అవకాశం ఉంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

రియాక్టివ్ వస్తే అదే ఖాయం కాదు, ల్యాబ్‌లో రక్తపరీక్షతో నిర్ధారించుకోవాలి. నిజంగానే పాజిటివ్ అయినా ఇప్పుడు రోజూ వేసుకునే ఏఆర్‌టీ మందులున్నాయి. అవి మానకుండా వాడి రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గి అలాగే ఉంటే, సెక్స్ ద్వారా భాగస్వామికి సోకదు. ఇప్పటికే ఆ మందులు వాడుతున్నవాళ్లు మాత్రం, తగ్గిందేమో చూద్దామని ఈ కిట్ జోలికి పోకండి, తప్పుడు నెగటివ్ రావచ్చు, దాన్ని నమ్మి మందులు ఆపారంటే ప్రాణం మీదికి వస్తుంది.