రిటర్న్ గడువు దాటేదాకా బాగానే పనిచేసే నకిలీ మెమరీ కార్డు: కడప ఫోటో మిత్రులకు హెచ్చరిక

కడపలో, చుట్టుపక్కల ఊళ్లలో వీధి ఫోటోలు తీసే అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ! ఈమధ్య ఆన్‌లైన్‌లో మెమరీ కార్డు కొన్నవాళ్లుంటే దాన్ని ఈ రాత్రికే అంచుదాకా నింపి చూడండి. ఎట్లా చూడాలో కింద రాశాను. నాకు పేరున్న కంపెనీ కవరులో, సీలుతో, బిల్లుతో వచ్చిన 128 జీబీ కార్డులో అసలు జాగా 16 జీబీ కూడా లేదు. ఉగాది ఫోటోలన్నీ దాంట్లోనే పోయాయి.

ఉగాది పొద్దున దేవుని కడప ఎట్లుంటుందో మనూరి వాళ్లకు చెప్పే పనిలేదు. తెల్లారకముందే ముస్లిం కుటుంబాలు పూలూ టెంకాయలూ పట్టుకుని వేంకటేశ్వరుడి గుడికి వస్తారు. బీబీ నాంచారమ్మను పెళ్లాడినవాడు కాబట్టి స్వామి వాళ్లకు అల్లుడు. బురఖా వేసుకున్న తల్లి, చంకలో బిడ్డ, చేతిలో టెంకాయ, పక్కనే నామాలు పెట్టుకున్న పెద్దాయన, అందరూ ఒకే వరసలో నిలబడి ఉంటారు. వీధి ఫోటోలు తీసేవాడికి ఏడాదికి ఒక్కసారే దొరికే పొద్దు అది. ఒక ముసలమ్మ నన్ను నిలబెట్టి, "ఏం అబ్బీ, తీస్తాండావు సరే, మాకూ ఇస్తావా?" అని అడిగింది. ఇస్తానన్నాను. మనవడు ఫోన్ నంబరు రాయించాడు. ఆ ఫోటో ఇప్పుడు నా దగ్గర లేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌కు పెట్టి చూస్తే ఫైళ్ల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, సైజులు కూడా సరిగ్గానే ఉన్నాయి. తెరిస్తే మొదట్లో తీసినవి మాత్రమే బాగున్నాయి. తర్వాతవి కొన్ని సగం బొమ్మ, సగం బూడిద రంగు. ఆపైన ఒక్కటీ తెరుచుకోలేదు. రద్దీ లేనప్పుడు తీసినవి మిగిలాయి, జనం నిండుగా ఉన్నప్పుడు తీసినవి పోయాయి.

ఈ మోసం ఎట్లా నడుస్తుందో అందరికీ తెలియాలి. కార్డు లోపల ఒక చిన్న కంట్రోలర్ చిప్ ఉంటుంది. నాలో ఎంత జాగా ఉందని కెమెరాకు చెప్పేది అదే. నకిలీ కార్డులో దానిచేత అబద్ధం చెప్పిస్తారు. లోపల 16 జీబీ పెట్టి 128 అని చెప్పిస్తారు. కెమెరా ఆ మాట నమ్ముతుంది, ఇంకా ఇన్ని ఫోటోలు పడతాయని చూపే లెక్క కూడా ఆ అబద్ధం మీద వేసిందే. అసలు జాగా నిండాక వచ్చే ఫోటోలను కొన్ని కార్డులు గాలికి వదిలేస్తాయి, కొన్ని పాతవాటి మీదనే రాసేస్తాయి. ఫైళ్ల పట్టిక కార్డు మొదట్లో ఉంటుంది కాబట్టి పేర్లు మాత్రం చెదరవు. తీసిన వెంటనే తెర మీద కనబడే బొమ్మ కెమెరా సొంత మెమరీలోంచి వచ్చేది. అక్కడ బాగుంది కదా అని కార్డులో పడిందనుకోవడానికి లేదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది గడువు సంగతి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో రా (RAW) ఫైలు, అంటే కెమెరా దాచే ముడి ఫోటో, సుమారు 25 ఎంబీ అనుకోండి, 16 జీబీలో ఆరు వందల పైచిలుకు పడతాయి. మామూలుగా సాయంత్రం వై.వి. స్ట్రీట్‌లోనో, ఏడు రోడ్ల కూడలిలోనో తిరిగి ఒక వందో రెండు వందలో తీస్తాం. ఇంటికొచ్చి కాపీ చేసుకుని, ఫార్మాట్ కొట్టి, మళ్లీ మొదటినుంచి వాడతాం. అట్లా వాడినంతకాలం నకిలీ కార్డు ఏ లోపమూ చూపించదు. వారం రోజుల రిటర్న్ గడువు హాయిగా దాటిపోతుంది. కార్డు నిండేది పండగ రోజునో, ఉరుసు రోజునో, పెళ్లిలోనో. అంటే పోయేవి ఎప్పుడూ మళ్లీ తీయలేని ఫోటోలే. ఇది తెలిసి చేసే మోసం. నా అమ్మకందారు గడువు అయిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కొన్నాళ్లకు ఆ పేరు మాయమైంది. అవే బొమ్మలతో, అదే ధరతో వేరే పేరు మీద అమ్మకం నడుస్తోంది. ధర కూడా మరీ తక్కువ కాదు, బజారు ధరకు కాస్త అటూ ఇటూ. కాబట్టి చవకవి మానేస్తే చాలని అనుకోవద్దు.

పరీక్ష ఇట్లా చేయండి. విండోస్ ఉన్నవాళ్లకు హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లినక్స్ వాళ్లకు ఎఫ్‌3 అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఖాళీ కార్డును నిండా రాసి, రాసింది రాసినట్టే ఉందో లేదో తిరిగి చదివి చెబుతాయి. సెకనుకు 30 ఎంబీ చొప్పున రాస్తే 128 జీబీ నిండడానికి గంటా పది నిమిషాలు పడుతుంది, చదవడానికి మళ్లీ కొంత. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు తేలిపోతుంది. పైపైన చెరిపే క్విక్ ఫార్మాట్ వల్ల ఏమీ తెలియదు. కంప్యూటర్ లేకపోతే కెమెరాలోనే కార్డు నిండేదాకా వీడియో తీయండి. తర్వాత కార్డు ఒకసారి బయటికి తీసి మళ్లీ పెట్టి, మొదటి ముక్క, నడిమి ముక్క, చివరి ముక్క పూర్తిగా ఆడించి చూడండి. మొదటిది కూడా చూడాలి, ఎందుకంటే పాతవాటి మీద రాసే రకమైతే చెడేది అదే. విండోస్‌లో 128 జీబీ కార్డు 119 అని కనబడితే మాత్రం కంగారు పడొద్దు, అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా.

కవరు మీది అచ్చు చూసి నమ్మకండి, నాదాని మీద వంక పెట్టడానికేమీ లేదు. ఒక్క గుర్తు మాత్రం కంటితోనే పట్టుకోవచ్చు. యూహెచ్ఎస్-2 (వేగంగా రాసే కార్డు రకం) అని రాసి ఉంటే కార్డు వెనక లోహపు పిన్నులు రెండు వరసలు ఉండాలి. ఒకే వరస ఉంటే అక్కడికక్కడే వెనక్కి పంపండి.

ఫోటోలు పోయినవాళ్లు వెంటనే ఆ కార్డు వాడడం ఆపేయండి, ఫార్మాట్ చేయొద్దు. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము నడిపి చూడండి, అసలు జాగాలో పడినవి ఏమైనా ఉంటే దొరుకుతాయి. కార్డులో ఎన్నడూ పడని ఫోటోను ఏ రికవరీ వాళ్లూ తెచ్చివ్వలేరు. వేలకు వేలు అడిగితే ఇవ్వకండి, ఈ మాట గట్టిగా చెబుతున్నా.

కవరు, బిల్లు, పరీక్ష ఫలితం స్క్రీన్‌షాట్ దాచిపెట్టుకోండి. ముందు ఆ అమ్మకాల వేదిక గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా పంపండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. నా ఫిర్యాదు 1915 దగ్గర నమోదైంది, డబ్బు సంగతి ఇంకా తేలలేదు.

పెద్ద దర్గా ఉరుసుకు మనలో చాలామంది కొత్త కార్డులు తీసుకుంటారు. వారం పది రోజుల ముందే కొనండి, పరీక్ష అయ్యాకే కెమెరాలో పెట్టండి. కెమెరాకు రెండు స్లాట్లుంటే రెండింట్లోనూ ఒకేసారి రాసేలా మార్చుకోండి. ఒకే స్లాటు ఉన్న చిన్న కెమెరాల వాళ్లు జేబులో ఇంకో పరీక్షించిన కార్డు పెట్టుకుని, మధ్యలో మార్చుతూ తీయండి.