ఓడ ఎక్కకముందే బాల్కనీ గది: రాయల్‌అప్ పద్ధతిపై నా సమీక్ష

సింగపూర్ నుంచి బయలుదేరే క్రూజ్‌కు మేము విజయవాడ లబ్బీపేటలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ ద్వారా కిటికీ లేని లోపలి గదిని తీసుకున్నాము. టికెట్ ఖాయమైన తరువాత, ఖాళీగా మిగిలిన పై తరగతి గదికి మనమే ఒక ధర ప్రతిపాదించే అవకాశాన్ని రాయల్ కరీబియన్ సంస్థ 'రాయల్‌అప్' పేరిట ఇచ్చింది.

ఈ ధర గది మొత్తానికి కాదు, మనిషికి. ఇద్దరి లెక్కన వసూలు చేస్తారు కనుక తెరపై కనిపించే అంకెను రెండింతలు చేసుకున్న తరువాతే నిర్ణయించుకోవాలి. ఈ ముఖ్యమైన సంగతిని ఏజెన్సీ వారు మాకు చెప్పనేలేదు, అది చిన్న లోపమని నేను అనుకోను. ప్రతిపాదన ఆమోదం పొందేవరకు మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఆమోదించిన క్షణమే కార్డు నుంచి డాలర్లలో సొమ్ము పోతుంది, ఇక తిరిగి రాదు. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు సాధారణంగా ఆపి ఉంటాయి కాబట్టి వాటిని ముందే ఆన్ చేయించుకోవడం మంచిది.

మాకు బాల్కనీ గది దక్కింది. తెల్లవారుజామున అద్దాల తలుపు పక్కకు జరపగానే ఉప్పుగాలి ముఖానికి తగిలింది. మా అత్తగారు కాఫీ కప్పుతో అక్కడే గంటసేపు కూర్చుండిపోయారు. పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం జరిగిందని నిస్సంకోచంగా చెప్పగలను.

అయితే గది ఏ అంతస్తులో, ఏ వైపున రావాలో మనం ఎంచుకోలేము. ఓడ కుదుపులకు కడుపులో తిప్పేవారు ఈ పందెం జోలికి పోకుండా, ఓడ మధ్యభాగంలో కింది అంతస్తు గదిని మొదటే బుక్ చేసుకోవాలి.