మెయిన్ అడవిలో ఎలుగుబంటి ఎర పీపా

వేటకు ఎలుగును రప్పించే తిండి నింపి పెట్టడానికి నేను కొన్న పీపా ఇది: 55 గ్యాలన్ల ఇనుప పీపా, మూతకు బిగింపు రింగు, పక్కన రెండంగుళాల రంధ్రం. ఎలుగు దొర్లించిన ప్రతిసారీ లోపలి మొక్కజొన్న పేలాలు గుప్పెడే రాలతాయి కాబట్టి విందు ఒక్క రాత్రిలో ముగిసిపోదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో వేట కాలానికి 30 రోజుల ముందు నుంచే ఎర పెట్టనిస్తారు. అన్నాళ్లూ రోజూ అడవికి పరుగెత్తే బాధ నాకు తప్పింది. ఇనుము దిట్టంగానే ఉంది. రంధ్రం అంచు మాత్రం కత్తిలా వదిలేశారు, ఆకురాయి పట్టి నేనే నునుపు చేసుకున్నాను. పంజా తెగితే ఆ పాపం ఎవరిది? పైగా గొలుసు విడిగా కొనాలట, ఏం పిసినారితనమో! గొలుసుతో చెట్టు మొదలుకు బిగించకపోతే పీపాను ఎలుగు ఎటో దొర్లించుకుపోతుంది. చాక్లెట్ మాత్రం వేయకండి, ఎలుగులకు అది విషం.