అరకు కాఫీ కోసం రెండు రోజులు

డిసెంబరు రెండో వారంలో నేను, మా అక్క అరకు వెళ్లివచ్చాం. బొర్రా గుహలు, చాపరాయి, పద్మాపురం తోట చిన్నప్పటి నుంచీ చూసినవే. ఈసారి వెళ్లింది కేవలం కాఫీ కోసం. 2018లో పారిస్‌లో జరిగిన ప్రీ ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం గెలుచుకున్న కాఫీ మా ఊరికి 115 కిలోమీటర్ల దూరంలో పండుతోంది. విశాఖలో పుట్టి పెరిగి కూడా ఆ పండు చెట్టు మీద ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఆ వెలితి చాలా కాలంగా ఉంది.

పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. అద్దాల పెట్టెలో ముందుగానే సీట్లు తీసుకున్నాం. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక వరసగా సొరంగాలు, లోయలు. పెద్దవాళ్లతో వెళ్తే ఆ పెట్టె సుఖమే. కానీ కిటికీ తెరిచే వీలుండదు, కొండగాలి తగలదు. నా ఓటు మామూలు పెట్టెకే.

బస మాత్రం బాగాలేదు. ఫోనులో లోయ కనిపించే గది చూపించి, గోడ కనిపించే గది ఇచ్చారు. గీజరు పనిచేయలేదు. అక్కడి కుర్రాడు రెండుసార్లు బకెట్లతో వేడినీళ్లు మోసుకొచ్చాడు, అతని మర్యాదను తప్పుపట్టలేం. నాకు కోపం తెప్పించింది ఉదయం వచ్చిన కాఫీ. కాఫీ తోటల మధ్య కూర్చోబెట్టి, ఎక్కడిదో ఇన్‌స్టంట్ పొడి వేడినీళ్లలో కలిపి ఇచ్చారు. చుట్టుపక్కల మరో రెండు హోటళ్లలో అడిగినా అదే పొడి.

అరకులోని కాఫీ మ్యూజియం పిల్లలకు బాగా నచ్చుతుంది. బొమ్మలతో కాఫీ కథంతా చెబుతారు, చాక్లెట్లూ దొరుకుతాయి. ఆదివారం మాత్రం వద్దు, నిలబడటానికే చోటుండదు. పొడి కొనడానికి మాకు గిరిజన సహకార సంస్థ దుకాణమే నచ్చింది.

అసలు చూడవలసింది అనంతగిరి తోటలు. డ్రైవరు తనకు తెలిసిన రైతును అడిగి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లాడు. పైన నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఒకావిడ పండ్లు కోస్తోంది. ఒకే గుత్తిలో ఎరుపు, పసుపు, పచ్చ అన్నీ ఉన్నాయి. ఆమె వేళ్లు ఎర్రవాటినే తడిమి తెంపుతున్నాయి. పొరపాటున బుట్టలో పడిన రెండు పచ్చికాయలను ఏరి పక్కన పడేసింది. "ఎందుకక్కా?" అని అడిగాను. "పచ్చివి కలిస్తే కాఫీ చెడిపోతుందమ్మా" అంది. ఒక పండు నొక్కి చూపించింది. జిగురుతో రెండు గింజలు జారి అరచేతిలో పడ్డాయి. ఆ జిగురు నాలుకకు తియ్యగా తగిలింది. పండు కోసిన రోజే తొక్క తీయాలి, లేకపోతే పులిసిపోతుంది.

ఫ్రాన్స్‌లో షార్డొనే అనే ఒక్క ద్రాక్ష రకంతో చేసిన వైన్లకే ప్రత్యేకంగా అంతర్జాతీయ పోటీ జరుగుతుంది. రకం ఒకటే అయినప్పుడు తేడా అంతా నేలలోనూ చేతిపనిలోనూ ఉంటుంది. ఇక్కడ పండే అరబికా అనే కాఫీ రకానికీ అలాంటి పోటీ పెట్టారు. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2009లో 'జెమ్స్ ఆఫ్ అరకు' మొదలుపెట్టి, విదేశీ నిపుణులను పిలిపించి గిరిజన రైతుల కాఫీని రుచి చూపించింది. ఆ పరీక్షను కప్పింగ్ అంటారు. 150 మిల్లీలీటర్ల వేడినీళ్లకు 8.25 గ్రాముల పొడి. నాలుగు నిమిషాలయ్యాక పైన కట్టిన తెట్టును చెంచాతో విరిచి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూస్తారు. తర్వాత చెంచాతో గట్టిగా జుర్రి రుచి చూస్తారు. 100కు 80 మార్కులు, ఆపైన వస్తే మేలురకం కింద లెక్క. పచ్చికాయలు కలిసిన కప్పు అక్కడ దొరికిపోతుంది. పారిస్‌లో గెలిచిన పతకం వెనక ఆ రెండు పచ్చికాయలను ఏరిపారేసిన చెయ్యి ఉందని నాకు తోటలోనే తెలిసింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

రెండో రోజు ఉదయం బసలోని వంటగదికి వెళ్లి, మేం కొన్న పొడితో నేనే కాఫీ కాచాను. చక్కెర వేయలేదు. వంటాయన ఆ లోయవాడే. ఒక గుక్క తాగి, "ఇది మా కొండ కాఫీయేనా అమ్మా?" అన్నాడు. ఆయన అన్నదమ్ములకు తోట ఉంది, పండ్లు అమ్ముతారు. ఇంట్లో తాగేది టీ. మిగిలిన పొట్లం ఆయనకే ఇచ్చి వచ్చాం.

తిరుగు ప్రయాణం కారులో. గాలికొండ దగ్గర మంచు పట్టేసి లోయ కనిపించలేదు. బొంగు చికెన్ తినాలనుకుంటే అప్పటికప్పుడు కాల్చి ఇచ్చేచోట ఆగండి, ముప్పావుగంట పట్టినా ఫరవాలేదు. పండ్లు కోయడం చూడాలంటే నవంబరు నుంచి జనవరి లోపు వెళ్లాలి. వేసవి తొలి వానలు పడ్డాక కొద్ది రోజులు తోటంతా మల్లెల్లా తెల్లగా పూస్తుంది. ఈసారి ఆ పూత సమయానికి వెళ్దామని అక్క ఇప్పటినుంచే అంటోంది.