లాప్‌టాప్ వేడి చూడటానికి: సెన్సార్స్ కమాండా, వైటల్స్ ఎక్స్‌టెన్షనా?

మొదటిది టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో నడుస్తుంది. రెండోది గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌కు తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రామ్. రెండూ లినక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) అందించే అంకెలనే చూపిస్తాయి. తేడా అంతా చూపించే తీరులోనే.

కమాండ్ కోసం ఎల్ఎం-సెన్సార్స్ ప్యాకేజీ వేసుకుని, సెన్సార్లను వెతికే సెన్సార్స్-డిటెక్ట్‌ను సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఒకసారి నడపాలి. అది పరీక్ష పెట్టినట్టు వరసగా ప్రశ్నలు వేస్తుంది. ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ నొక్కుకుంటూ పోవడమే క్షేమం. నిజానికి ప్రాసెసర్ వేడిని చదివే డ్రైవర్లు (ఇంటెల్‌కు కోర్‌టెంప్, ఏఎండీకి కె10టెంప్) చాలావరకు వాటంతటవే లోడవుతాయి, కాబట్టి ఈ తతంగం అవసరం పడకపోవచ్చు. తర్వాత సెన్సార్స్ అని కొట్టడమే. నా ఇంటెల్ లాప్‌టాప్‌లో ‘ప్యాకేజ్ ఐడీ 0’ (ప్రాసెసర్ మొత్తం) వరుసలో 52 డిగ్రీలు, పక్కనే ప్రమాద హద్దు 100, కింద ఒక్కో కోర్ లెక్క విడిగా కనిపించాయి. వాచ్ కమాండ్‌తో కలిపి నడిపితే ప్రతి 2 సెకన్లకూ అంకెలు మారుతుంటాయి.

వైటల్స్ గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారికే. వేడి పై పట్టీలో ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది, టెర్మినల్ తెరవనక్కర్లేదు. అయితే గ్నోమ్ 6 నెలలకోసారి కొత్త వెర్షన్ తెస్తుంది. దానికి తగ్గట్టు ఎక్స్‌టెన్షన్ మారేదాకా పట్టీలో ఆ చోటు ఖాళీగా ఉండిపోవచ్చు.

అందుకే వైటల్స్ పెట్టుకున్నా నేను ఎల్ఎం-సెన్సార్స్‌ను తీసేయలేదు. ఫ్యాను ఉన్నట్టుండి హోరెత్తితే ముందు టెర్మినలే తెరుస్తాను.