ఇత్తడి తాంబాళంలో పండగ పిండివంటలు: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

సంక్రాంతికి ఇంటికొచ్చినవాళ్ల ముందు పిండివంటలు పెట్టడానికి 2018 నుంచి నేను వాడుతున్నది ఒకటే: 16 అంగుళాల వెడల్పున్న ఇత్తడి తాంబాళం, అందులో ఇమిడే ఆరు చిన్న స్టీలు గిన్నెలు. దానికి ముందు గదుల ప్లాస్టిక్ ట్రే ఉండేది. మధ్యలో కొన్నాళ్లు చెక్క పలక కూడా వాడాను. మూడింటినీ బాగా వాడి చూశాను కాబట్టి, ఈ పండక్కి ఏదైనా కొందామని చూస్తున్నవాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మా పుట్టిల్లు అమలాపురం వైపు, అత్తగారిది హనుమకొండ, ఉండేది హైదరాబాద్‌లో. అందుకే మా పళ్లెంలో అరిసెలూ సకినాలూ రెండూ ఉండి తీరాలి. భోగి సాయంత్రం పిల్లలకి భోగిపళ్లు పోయడానికి చుట్టుపక్కలవాళ్లని పిలుస్తాం. మర్నాడు బొమ్మల కొలువు పేరంటం. కనుమ రోజు భోజనాలయ్యాక కబుర్లకి వచ్చేవాళ్లు వేరే. ఈ మూడు రోజులూ ఒకేసారి పదిమంది రావడం, గంట తర్వాత ఇంకో నలుగురు రావడం మామూలే. నా సమీక్ష ఇలాంటి రద్దీకి సంబంధించింది.

చాలా ఇళ్లలో ఇప్పటికీ గదుల ట్రేనే ఉంది కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను. ఆరు గదులు, పైన ఒకే మూత. చూడ్డానికి సౌకర్యంగానే ఉంటుంది. ఇబ్బందంతా ఆ మూతతోనే. మూత పెడితే ఆరు గదుల్లోనూ గాలి ఒకటే. మెత్తగా ఉండే అరిసె, లడ్డు వదిలిన తేమని పక్కనున్న జంతికలు, చెక్కలు పీల్చుకుంటాయి. సాయంత్రానికి జంతిక విరిస్తే కరకరమనదు. పైగా సున్నుండలోని నెయ్యి పక్క గదిలో ఉన్న వెల్లుల్లి కారప్పూస వాసనని తొందరగా పట్టేసుకుంటుంది. ఒకసారి పట్టిందంటే ఆ సున్నుండని ఎవరూ ఇష్టంగా తినరు. పోనీ మూత తీసి ఉంచుదామా అంటే చీమలు. ఆ ట్రేని నేను తిట్టను గానీ, అందులో పొద్దున్న సర్దిపెట్టి రాత్రిదాకా వదిలేయడం మన పిండివంటలకి సరిపడే పద్ధతి కాదు.

చెక్క పలక ఫొటోల్లో చాలా అందంగా కనిపిస్తుంది. చీజు ముక్కలు, ద్రాక్షపళ్లు, బిస్కెట్లు పెట్టుకునే విదేశీ పద్ధతికి అది పుట్టింది, అక్కడ బాగానే ఉంటుంది. మన సరుకులో నూనె ఎక్కువ, బెల్లం పాకం ఎక్కువ. అరిసె నేరుగా చెక్క మీద పెడితే నూనె మరక దిగిపోతుంది. గవ్వల పాకం అంటుకున్నచోట నీళ్లు పోసి నానబెడదామంటే చెక్క ఉబ్బుతుంది, వంగుతుంది. వానాకాలంలో బీరువాలో పెట్టి శ్రావణమాసంలో తీస్తే అంచుల్లో తెల్లగా బూజు కనిపించింది. దాన్ని ఇప్పుడు కూరగాయలు తరగడానికి వాడుతున్నాను, ఆ పనికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఇక తాంబాళం. నేను కిలో 620 రూపాయల లెక్కన తీసుకున్నాను, తూకం రెండు కిలోలు దాటింది. ఇత్తడి సామాను తూకానికే అమ్ముతారు కాబట్టి రేటు ఎప్పటికప్పుడు మారుతుంది. ఇంట్లో వాడని పాత బిందెలు, చెంబులు ఉంటే చాలా కొట్లలో తూకానికి తీసుకుని కొత్తదాంట్లో తగ్గిస్తారు. తణుకు దగ్గర అజ్జరంలో పోత ఇత్తడి పని తరతరాలుగా సాగుతోంది. జనగామ దగ్గర పెంబర్తి పేరు ఇత్తడి రేకు మీద నగిషీకి గట్టిది. పెంబర్తి పనితనమంటే నాకు ప్రాణం, మా హాల్లో గోడకి ఒకటి ఉంది కూడా. కానీ తినేవి పెట్టడానికి నగిషీ పళ్లెం వద్దనే చెప్తాను. ఆ సన్నటి గీతల్లో నూనె, పిండి చేరితే ఎంత తోమినా పూర్తిగా పోదు. అడుగు నున్నగా, అంచు కాస్త పైకి లేచి, ఆ అంచు లోపలికో బయటికో మడిచి ఉన్నది చూసి తీసుకోండి. మొదట ఆన్‌లైన్‌లో ఒకచోట తెప్పించినది పల్చటి రేకు. అంచు మడవకుండా వదిలేశారు, పట్టుకుంటే వేలు తెగింది. వెనక్కి పంపడానికి చాలా తిప్పలు పెట్టారు. అందుకే ఇది మాత్రం చేత్తో పట్టుకుని, అంచు తడిమి చూసి కొనాల్సిన వస్తువు.

ఇంకో మాట అడిగి మరీ తెలుసుకోండి. కొన్ని అలంకరణ పళ్లేలకి మెరుపు పోకుండా పైన పారదర్శకమైన పూత వేస్తారు. తినేవి పెట్టడానికి ఆ పూత లేనిది కావాలని చెప్పి తీసుకోవాలి.

ఈ తాంబాళం నాకు ఎందుకు నచ్చిందంటే, ఇందులో ఏదీ శాశ్వతంగా సర్దిపెట్టను. పిండివంటలన్నీ వంటింట్లో వేటి డబ్బాలో అవే గట్టి మూత కింద ఉంటాయి, కారానివి ఒక అరలో, తీపివి ఇంకో అరలో. బెల్లు మోగాక గిన్నెల్లోకి ఆ మనుషులకి సరిపడా మాత్రమే తీస్తాను. వాళ్లు చెప్పులు విడిచి, కూర్చుని, మంచినీళ్లు తాగేలోపు పళ్లెం సిద్ధం. వాళ్లు వెళ్లాక మిగిలినవి మళ్లీ డబ్బాలో కలపను, ఇంట్లోవాళ్లం తినేస్తాం. ఇలా చేయడం మొదలుపెట్టాక కనుమనాటి జంతిక కూడా భోగినాటి జంతికలాగే ఉంటోంది.

అమరిక గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 16 అంగుళాల పళ్లెంలో 4 అంగుళాల గిన్నెలు ఆరు అంచు వెంబడి పెడితే మధ్యలో 8 అంగుళాల చోటు మిగులుతుంది. ఆ మధ్య భాగం సకినాలది. సకినం గిన్నెలో పట్టదు, నిలబెడితే విరుగుతుంది. అందుకని అరిటాకుని గుండ్రంగా కోసి మధ్యలో వేసి, సకినాలు ఒకదాని అంచు మీద ఒకటి ఆనేలా పడుకోబెడతాను. అరిటాకుని ముందు పొయ్యి మంట మీద అటూ ఇటూ ఆడిస్తే మెత్తబడి చిరగదు. ఆ తర్వాత పొడిగుడ్డతో రెండువైపులా తుడవాలి. ఆకు మీద తడి మిగిలితే సకినాల అడుగు మెత్తబడుతుంది. ఉప్పు, నూనె ఉన్నవి ఇత్తడిని నేరుగా తాకకుండా కూడా ఆ ఆకే కాపాడుతుంది.

మా అత్తగారు సకినాలు తడిగుడ్డ మీద చేత్తో చుడుతుంటే పక్కన కూర్చుని చూడాలి. నానబెట్టి ఆడించిన కొత్త బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. అచ్చు లేదు, గొట్టం లేదు, వేళ్ల మధ్య నుంచి పిండి మెలితిరుగుతూ చుట్లు చుట్లుగా పడుతుంది. అంత పని పెట్టి చేసినవి ట్రే మూలలో ముక్కలై పడి ఉంటే నాకు మనసొప్పేది కాదు. ఇప్పుడు పళ్లెం మధ్యలో ఉంటున్నాయి, వచ్చినవాళ్లు ముందు అటే చేయి చాస్తున్నారు.

గిన్నెల్లో నేను సాధారణంగా పెట్టేవి: అరిసెలు, సున్నుండలు, జంతికలు, పప్పు చెక్కలు, చేగోడీలు, ఆరో గిన్నెలో ఆ కాలంలో దొరికేది ఏదైనా. తీపి రెండు, కారం మూడు. పండగ రోజుల్లో ఏ ఇంటికి వెళ్లినా స్వీటే చేతిలో పెడతారు కాబట్టి, రెండో ఇంటికొచ్చేసరికి మనుషులకి కారం కావాలనిపిస్తుంది. మా ఇంట్లో ఎప్పుడూ ముందు అయిపోయేవి చెక్కలు.

అరిసెని నాలుగు ముక్కలుగా కోసి పెట్టండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. నిండు అరిసె ఇస్తే పెద్దవాళ్లు “వద్దమ్మా, షుగరు” అని పళ్లెం పక్కకి జరుపుతారు. పావు ముక్క అయితే అదే మనిషి తీసుకుని, నువ్వులు బాగా పట్టాయని మెచ్చుకుని, టీ అడుగుతారు. మెత్తటి అరిసెకి కత్తి కన్నా వంటింటి కత్తెర మంచిది, అంచులు నలగవు.

ఆరో గిన్నె నాకు చాలా ఇష్టమైనది. జనవరిలో రేగుపళ్లు, చెరకు ముక్కలు, జామకాయలు ఉంటాయి. అమ్మ వాళ్లు వచ్చినప్పుడు గోదావరి నుంచి తేగలు తెస్తారు. ఉడికించిన తేగ పైపొర తీసి, వేలెడంత ముక్కలు చేసి పెడితే హైదరాబాద్‌లో పుట్టిన పిల్లలు అదేమిటని అడుగుతారు, తాటి టెంక మొలకెత్తితే వచ్చిన దుంప అని చెప్తే ఆశ్చర్యపోతారు. వీటితో పాటు పక్కన ఒక ఖాళీ గిన్నె తప్పనిసరి. చెరకు పిప్పి, రేగు గింజ, తేగ పీచు చేతిలో పట్టుకుని ఎక్కడ వేయాలో తెలియక కూర్చునే పరిస్థితి అతిథికి రాకూడదు.

కొన్ని మాత్రం తాంబాళంలోకి రాకపోవడమే మేలు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి విలువంతా ఆ కాగితం లాంటి పొరలోనే ఉంది. గిన్నెల మధ్య ఇరికిస్తే పొడైపోతాయి, తడి చేయి తగిలితే కరిగిపోతాయి. వాటిని చుట్టిన కాగితంతోనే విడి పళ్లెంలో చివర్లో తెస్తాను. కాకినాడ గొట్టం కాజా ఇంకో రకం. కొరికితే లోపలి నుంచి పాకం కారుతుంది కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా చిన్న ప్లేటులో ఇవ్వడమే మర్యాద. తాపేశ్వరం మడత కాజాతో ఆ పేచీ లేదు, పైన పొడిగా ఉంటుంది, గిన్నెలో ఇమిడిపోతుంది.

అందరూ ఒకే పళ్లెంలోంచి తీసుకునే పద్ధతిలో మన ఇళ్లకి ఉన్న పెద్ద అభ్యంతరం ఎంగిలి. తిన్న చేతితో మళ్లీ గిన్నెలో చేయి పెడితే పెద్దవాళ్లు ఇక దాన్ని ముట్టరు, అందులో తప్పేమీ లేదు. అందుకని మనిషికో చిన్న స్టీలు ప్లేటు ఇస్తాను, పళ్లెంలో రెండు చిన్న పట్టకార్లు పెడతాను. ఇంట్లో పెద్దవాళ్లకి మొదటి ప్లేటు నేనే సర్ది అందిస్తాను. దేవుడికి నైవేద్యం పెట్టాల్సింది అసలు ఈ పళ్లెంలోకి రాకముందే తీసేస్తాం. ఈ ఏర్పాటు చేశాక మా అత్తగారు కూడా నిశ్చింతగా అందరితో కలిసి కూర్చుంటున్నారు.

కాలాన్ని బట్టి ఫలితం మారుతుంది. సంక్రాంతికి హైదరాబాద్‌లో చలి, గాలి పొడిగా ఉంటుంది, గంటసేపు బయట ఉన్నా చెక్కలకి ఏమీ కాదు. దీపావళి అలా కాదు, అక్టోబరు, నవంబరుల్లో కోస్తాలో వానలు పడే రోజులు. విశాఖలో మా పిన్ని వాళ్లింట్లో ఇదే పద్ధతి పాటించినా జంతికలు తొందరగా మెత్తబడ్డాయి. అక్కడ గిన్నెల్లో ఇంకా తక్కువ పోసి, ఎక్కువసార్లు నింపడమే దారి. శ్రావణ శుక్రవారం పేరంటానికైతే నేను కరకరలాడేవి తగ్గించి శనగలు, పూర్ణాలు, పులిహోర వైపు వెళ్తాను. పులిహోర మాత్రం పొరపాటున కూడా ఇత్తడికి తగలనివ్వకండి. పులుపు తగిలితే ఇత్తడి కిలుము పడుతుంది, కళాయి లేని పాత్రలో పులుపు పెట్టడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

తోమడం ఈ వస్తువుకి ఉన్న అసలు శ్రమ. నానబెట్టిన చింతపండు, కాస్త ఉప్పు, కొంచెం బియ్యప్పిండి వేసి రుద్దితే మెరుపు తిరిగి వస్తుంది. టైము లేకపోతే పీతాంబరి పొడి. ఏది వాడినా తర్వాత సబ్బుతో బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయాలి. నీటి చుక్కలు అలాగే ఆరితే మచ్చలు పడతాయి. పండక్కి ముందు ఒకసారి, పండగయ్యాక ఒకసారి గట్టిగా తోమి, పాత నూలు చీర గుడ్డలో చుట్టి పైన పెట్టేస్తాను. మధ్యలో వాడినప్పుడు మామూలు కడగడమే.

బరువు ఇంకో లోపం. నిండు గిన్నెలతో కలిపి మూడు కిలోలు దాటుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు, మణికట్టు బలం లేనివాళ్లు ముందు పళ్లెం టీపాయి మీద పెట్టి, గిన్నెలు తర్వాత తెచ్చి సర్దుకోవడం మంచిది. మోసుకొచ్చేటప్పుడు గిన్నెలు జారుతాయి, చప్పుడు చేస్తాయి. అంచు వెంబడి కూడా అరిటాకు ముక్క గానీ పలచటి నూలు గుడ్డ గానీ వేస్తే ఆ బాధ తగ్గుతుంది. అడుగున గుడ్డ కుదురు లేకుండా పెడితే టేబుల్ మీద గీతలు పడతాయి.

టెక్సాస్‌లో ఉండే మా ఆడపడుచు ఇలాంటిదే కావాలని ముచ్చటపడింది. 23 కిలోల పెట్టెలో రెండు కిలోలు పళ్లేనికే పోతే పచ్చళ్లకి చోటుండదు. తను అదే కొలతలో స్టీలు తాంబాళం తీసుకెళ్లింది. పద్ధతంతా ఇదే, పులుపు భయం లేదు, తోమే పనీ లేదు. ఇత్తడి మీద దీపం వెలుగు పడినప్పుడు వచ్చే పసిమి మాత్రం స్టీలుకి రాదు. నాకు దానికోసమే ఆ శ్రమ పడాలనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురే వచ్చే చిన్న ఇళ్లకి 12 అంగుళాలది చాలు, 3 అంగుళాల గిన్నెలు ఆరు పడతాయి, సకినాలకి మాత్రం వేరే పళ్లెం చూసుకోవాలి.