సంస్మరణ సంచిక ముద్రణ: తెనాలిలోని ఒక ప్రెస్సు పనితనం

గత ఏడాది మా కాలనీలో కాలం చేసిన పెద్దల జ్ఞాపకార్థం సంక్షేమ సంఘం తరఫున ఒక చిన్న సంచికను తెనాలిలోని ఒక ప్రెస్సులో అచ్చు వేయించాము. పెద్దకర్మ కార్డులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు ఎక్కువగా చేసే వీరికి ఫొటోల పని బాగా తెలుసు. పాత రేషన్ కార్డు మీద మసకబారిన ముఖాన్ని సైతం, పోలిక చెడకుండా, అనవసరంగా వయసు తగ్గించకుండా శుభ్రం చేసి ఇచ్చారు.

అక్షరాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మేము ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే యూనికోడ్‌లో పంపిన వ్యాసాలను వారు పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) కోసం అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలోకి మార్చినప్పుడు కొన్ని ఒత్తులు చెదిరి ఇంటిపేర్లే మారిపోయాయి కాబట్టి, ఆయా కుటుంబాలవారు ప్రూఫు చదవనిదే అచ్చుకు అనుమతి ఇవ్వకూడదు. ప్రెస్సువారి సిద్ధ నమూనాలు నాకు నచ్చలేదు. ప్రతి పేజీకీ అదే దీపం, అదే గీతాశ్లోకం. క్రైస్తవ కుటుంబం పేజీలోనూ శ్లోకమే పెట్టి, చెప్పిన తరువాత తొలగించారు. చీరలకు ఫాల్స్ కుట్టి పిల్లలను చదివించిన ఒక ఇల్లాలిని "ఫలానావారి ధర్మపత్ని" అని ఒక్క ముక్కలో తేల్చేసే ఆ నమూనాను పక్కన పెట్టించి, ఆమె కష్టం గురించి పూర్తి పేజీ రాయించాము (సంచిక అందుకున్నవారిలో చాలామంది ముందుగా చదివినది అదే).

మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగు గుణిజంలో ఉండాలి కనుక, ఎవరికెంత చోటో ముందే తేల్చుకోవాలి. 130 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములలో కాగితం బరువు) ఆర్టు పేపరు ఫొటోలకు అందమిచ్చినా, దాని మెరుపు వృద్ధుల కళ్లకు ఇబ్బంది. మెరుపు లేని మ్యాట్ రకం అడగడం మేలు.